మొంథా రాత్రి గూడూరు నుంచి

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి నేను కృష్ణా జిల్లా గూడూరులో మా ఇంట్లో ఉన్నాను. నేను చూసుకోవలసిన సర్వర్లు సుమారు 60 కిలోమీటర్ల అవతల, విజయవాడలో ఉన్నాయి. మధ్యలో నిడుమోలు, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు. రాత్రిపూట రోడ్ల మీద బండ్లు తిరగకూడదని ప్రభుత్వం ఆపేసింది. ఆపకపోయినా ఆ గాలిలో, చెట్లు కూలుతున్న దారిలో ఎవరూ బయల్దేరరు. అక్కడ సర్వర్ల గది వేడెక్కిపోతుంటే ఇక్కడి నుంచి ఏం చేశామో, దేని అండతో చేశామో ఉన్నదున్నట్టు చెప్తాను. ఊళ్లో ఇంటి నుంచే ఇలాంటి పని చేస్తున్న పిల్లలు మా డెల్టాలో ఇప్పుడు ఊరికి నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందనే రాస్తున్నాను.

నేను పనిచేసేది చిన్న కంపెనీ. కోస్తా జిల్లాల్లోని ఆసుపత్రులు, రక్తపరీక్షల ల్యాబులు తమ రికార్డులు మా దగ్గర పెట్టుకుంటాయి. విజయవాడలో అద్దెకు తీసుకున్న ఒక అంతస్తులో మా సర్వర్ల గది. దాదాపు 90 సర్వర్లు. కొత్తవి కొనే స్తోమత మాకు లేదు. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి తీసేసిన డెల్, హెచ్‌పీ, సూపర్‌మైక్రో యంత్రాలను తెచ్చి, బాగుచేసి నడుపుతాం. అందుకే ఒక్కోటి ఒక్కో ఏటిది, ఒక్కో రకంది.

సర్వరు అంటే తెలియని వాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ప్రతి సర్వరు మదర్‌బోర్డు మీద బీఎంసీ అనే చిన్న కంప్యూటర్ విడిగా ఉంటుంది. దానికి సొంత ప్రాసెసర్, సొంత మెమరీ, చాలా వాటిలో సొంత నెట్‌వర్క్ పోర్టు. సర్వరు ఆగిపోయి ఉన్నా సరే, ప్లగ్గులో కరెంటు ఉంటే అది నడుస్తూనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ పడుకున్నా అరుగు మీద మేలుకుని ఉండే తాతయ్య లాంటిది. ఫ్యాన్లు ఎంత వేగంతో తిరుగుతున్నాయి, లోపలికి పోయే గాలి ఎంత వేడిగా ఉంది, ఏ పవర్ సప్లై పాడైంది, అన్నీ దానికి తెలుసు. దూరం నుంచి దానితో మాట్లాడి సర్వరును ఆపొచ్చు, లేపొచ్చు. డెల్ వాళ్లు దాన్ని ఐడ్రాక్ అంటారు, హెచ్‌పీ వాళ్లు ఐలో అంటారు.

దానితో మాట్లాడే పద్ధతే ఒక చిక్కు. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్ఈసీ కలిసి ఐపీఎంఐ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చాయి. 2015లో డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ రెడ్‌ఫిష్ అనే కొత్త పద్ధతి విడుదల చేసింది. కాగితం మీద రెండూ అందరికీ ఒకటే. గదిలోకి వెళ్తే మాత్రం పాత యంత్రానికి రెడ్‌ఫిష్ అసలు రాదు, ఇంకోదానికి సగమే వస్తుంది, మరోదానికి అన్నీ వచ్చినా జవాబు వేరే రూపంలో ఇస్తుంది. కంపెనీ ఇచ్చే సొంత సాధనం వాడదామంటే ఆ కంపెనీ యంత్రాలకే పనిచేస్తుంది. సర్వరు తెరను దూరం నుంచి పూర్తిగా చూడాలంటే ఐలోకైనా ఐడ్రాక్‌కైనా పై తరగతి లైసెన్సు విడిగా కొనాలి. పాత యంత్రాలు కొనుక్కునే మాలాంటి వాళ్లకు ఆ ఖర్చు మోయలేని బరువు.

మేం ఎంచుకున్నది బీఎంసీలిబ్ అనే లైబ్రరీ. గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. ముందు బుకింగ్ డాట్ కామ్ ఇంజినీర్లు తమ సర్వర్ల కోసం రాసుకున్నారు. తర్వాత ఆ కంపెనీ ఒప్పుకోలుతో సోర్సు కోడు మొత్తం అందరికీ ఇచ్చేశారు. అపాచీ 2.0 లైసెన్సు కాబట్టి రూపాయి కట్టకుండా ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. సర్వర్లను మనిషి చెయ్యి పడకుండా సిద్ధం చేసే టింకర్‌బెల్ అనే ప్రాజెక్టు కూడా దీన్నే వాడుతుంది. దీని గుణం ఏమిటంటే, ఈ సర్వరును ఆపు అని ఒక్క మాట చెప్తే చాలు. ముందు ఒక దారిలో అడుగుతుంది. అది కుదరకపోతే ఇంకో దారి పడుతుంది. రెడ్‌ఫిష్, ఐపీఎంఐ, ఆ కంపెనీ సొంత పద్ధతి, ఏది పనిచేస్తే దానితో పని ముగించి, ఏ దారిలో జరిగిందో చెప్తుంది. దాని మీద మా బృందం ఒక చిన్న ప్రోగ్రాం రాసి పెట్టుకుంది. అది హైదరాబాదులో అద్దెకు తీసుకున్న ఒక చిన్న యంత్రంలో ఉంటుంది. అక్కడి నుంచి విజయవాడలోని బీఎంసీల నెట్‌వర్క్‌కు భద్రమైన దారి ఉంది.

ఇక ఆ రాత్రి సంగతి.

మా ఊళ్లో సాయంత్రమే కరెంటు తీసేశారు. ఇన్వర్టర్ మీద రెండు లైట్లు, నాన్న నెబ్యులైజర్. నాన్నకు ఆయాసం. చలిగాలి తగిలితే ఊపిరి అందదు. అందుకని ల్యాప్‌టాప్, రౌటర్ ఇన్వర్టర్‌కు తగిలించలేదు. పని పడితే ఫోనుతోనే చేద్దామనుకున్నాను. అమ్మ పుట్టిల్లు నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి తను చిన్నపిల్ల. దివిసీమలో వేలమందిని మింగిన ఆ రాత్రి తన ఇంట్లో వాళ్లను కూడా తీసుకెళ్లింది. అప్పటినుంచి తుఫాను అంటే అమ్మ నిద్రపోదు. ఉత్తరం నుంచి గాలి హోరెత్తుతుంటే మంచం మీద నాన్న వీపు రాస్తూ కూర్చుంది. నీళ్లొస్తున్నాయేమో చూడరా అని మధ్యమధ్యలో నన్ను వాకిట్లోకి పంపేది.

రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోనుకు మెసేజ్‌లు మొదలయ్యాయి. సర్వర్లకు పోయే గాలి 31 డిగ్రీలు. మామూలుగా మా గదిలో 24 ఉంటుంది. ఈ పనికి ప్రపంచమంతా పాటించే ఆష్రే అనే ఇంజినీర్ల సంఘం సిఫారసు 18 నుంచి 27 వరకు. గది కాపలా ఆయనకు ఫోన్ చేశాను. కరెంటు పోయి జనరేటర్ అందుకుందట. సర్వర్లు నడుస్తున్నాయి. ఏసీలే తిరిగి లేవలేదు. డాబా మీద పక్కింటి రేకు ఎగిరొచ్చి ఏసీల బయటి యూనిట్ల మీద పడిందని ఆయన చెప్పాడు. పైకెళ్లి చూస్తానన్నాడు. నేను వద్దన్నాను.

"బాబూ, గదిలోకి అడుగు పెడితే పొయ్యి ముందు నిలబడ్డట్టుంది. నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు.

రెండు తలుపులూ బార్లా తెరిచి, ఉన్న రెండు స్టాండు ఫ్యాన్లు గుమ్మంలో పెట్టమన్నాను. గదిలో ఉండొద్దు, మెట్ల దగ్గర కూర్చో అని చెప్పాను. మా బృందం పెద్దకు ఫోన్ చేశాను. ఆయన కుటుంబంతో పాటు ఏలూరులో చిక్కుకుపోయాడు. ఆయన దగ్గర సిగ్నల్ నాకంటే అధ్వాన్నం. మాట తెగుతూ తెగుతూనే ఒక నిర్ణయానికి వచ్చాం.

ఆ నిర్ణయం వెనక లెక్క ఇది. సర్వరు తినే ప్రతి వాటు చివరికి వేడిగానే బయటికొస్తుంది. ఒక్కోటి 250, 300 వాట్లు తింటే, 90 సర్వర్లు కలిసి 25 కిలోవాట్ల హీటరుతో సమానం. ఏసీ లేని గది దాన్ని భరించలేదు. పదింటిని మాత్రం ఉంచితే మూడు కిలోవాట్లు. తలుపులు తెరిచి, ఫ్యాన్లు పెడితే బయటి చల్లగాలితో ఆ మేరకు నెట్టుకురావచ్చు. అన్నీ ఆపేస్తే సర్వర్లు క్షేమం. కానీ తుఫాను రాత్రి కోస్తాలో ఏ ఆసుపత్రిలో ఏ అత్యవసరం వస్తుందో తెలియదు. రక్తం గ్రూపు, పాత మందులు, డయాలసిస్ వివరాలు ఆ రికార్డుల్లోనే ఉంటాయి. కాబట్టి రోగుల రికార్డులు తీసే పది సర్వర్లు బతకాలి, మిగిలినవి వరసలో ఆగాలి. ముందు వెబ్ సర్వర్లు, తర్వాత లెక్కలు, బిల్లుల సర్వర్లు, వాటి డేటాబేసులు, ఆఖరున వాటి స్టోరేజీ. వరస తప్పితే రాస్తున్న డేటా సగంలో తెగిపోతుంది. తెగిన డేటా తర్వాత సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తుంది. అదే అన్నిటికన్నా ప్రమాదం.

ఇంట్లో సిగ్నల్ దొరికేది డాబా మెట్ల మలుపులో మాత్రమే. అక్కడ జల్లు కొడుతోంది. ఫోను తడవకుండా తలమీద తువ్వాలు కప్పుకుని, గోడకానుకుని కూర్చున్నాను. బ్రౌజరు తెరుచుకోలేదు. ఐడ్రాక్ పేజీ సగం వచ్చి ఆగిపోయింది. ఉత్త అక్షరాలు మాత్రం వెళ్తున్నాయి. హైదరాబాదు యంత్రంలోకి అక్షరాలతోనే నడిచే ఎస్ఎస్‌హెచ్‌తో దూరి, లింకు తెగినా పనిని ఆగనివ్వని టీమక్స్ అనే సాధనం తెరిచి, ప్రోగ్రాం మొదలుపెట్టాను.

తెరమీద ఒక్కో సర్వరుకు ఒక్కో వరస వస్తోంది. పేరు, పట్టిన దారి, ఫలితం. డెల్ యంత్రాలు రెడ్‌ఫిష్‌తోనే మాట విన్నాయి. పాత సూపర్‌మైక్రోలు రెడ్‌ఫిష్‌కు ఉలకలేదు. లైబ్రరీ దానంతట అదే ఐపీఎంఐకి మళ్లింది, ఒక్కొక్కటీ ఆగిపోయింది. మేం పంపించేది మెత్తటి ఆజ్ఞ. పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలినట్టు సర్వరుకు తెలుస్తుంది, అది తన పనులన్నీ సర్దుకుని ఆగుతుంది. ఉన్నపళంగా కరెంటు లాగేసే గట్టి ఆజ్ఞ వేరే ఉంది. దాన్ని ఆఖరి మార్గంగా ఉంచుకున్నాం.

మధ్యలో లింకు తెగింది. ఊరి టవర్ కాసేపు పోయింది. మెట్ల మీద చీకట్లో కూర్చుని, ఫోను పైన గీతలు ఎప్పుడొస్తాయా అని చూడడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. సరిగ్గా అప్పుడే వంటింటి రేకు ఒకటి లేచిపోయింది. అమ్మ కేక విని కిందికి పరుగెత్తాను. నాన్న మంచాన్ని నడిమింట్లోకి లాగాం. బియ్యం డబ్బా, నూనె డబ్బా తీసుకొచ్చి గదిలో పెట్టాం. నాన్నకు ఊపిరి అందడం లేదు. నెబ్యులైజర్ మాస్కు ముక్కుకు పెట్టి, అమ్మ చేతికి అందించాను. "నువ్వు ఫోను చూసుకోరా, నేనున్నానుగా" అంది అమ్మ. ఉప్పెన చూసిన మనిషి ఆ రాత్రి నాకు చెప్పిన ధైర్యం అది.

మళ్లీ సిగ్నల్ వచ్చాక చూస్తే, ప్రోగ్రాం నా కోసం ఆగలేదు. హైదరాబాదులో తన పని తాను చేసుకుపోయింది. అరవైకి పైగా ఆగిపోయాయి. అయినా సర్వర్ల గదిలో వేడి 41. మా హెచ్‌పీ యంత్రాల్లో 42 దగ్గర హెచ్చరిక, ఇంకొంచెం పెరిగితే వాటంతట అవే ఆగిపోతాయి. అప్పుడు వరసా ఉండదు, సర్దుకోవడమూ ఉండదు.

బిల్లుల డేటాబేసు సర్వరు ఒకటి ఆగడం లేదు. ఆజ్ఞ చేరింది, బీఎంసీ సరేనంది, పవర్ మాత్రం ఆన్‌లోనే ఉంది. కరెంటు లాగేద్దామా అని ఏలూరు నుంచి మెసేజ్ వచ్చింది. లాగే ముందు లోపల ఏం జరుగుతోందో చూడాలనుకున్నాను. ఐపీఎంఐలో సీరియల్ ఓవర్ ల్యాన్ అనే సౌకర్యం ఉంది. బొమ్మలు లేకుండా సర్వరు చెప్పే అక్షరాలను మాత్రం చూపిస్తుంది. ఆ సన్నటి లింకు మీద కూడా అది తెరుచుకుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు ఆగడం కోసం ఎదురుచూస్తున్నట్టు ఒకే ఒక్క వరస, దాని పక్కన సెకన్లు పెరుగుతున్నాయి. అంటే అది చచ్చిపోలేదు. వేడికి ప్రాసెసర్ నెమ్మదించి, మెమరీలో ఉన్నదాన్ని డిస్కు మీదికి నిదానంగా రాసుకుంటోంది. ఆగండి, రాసుకుంటోంది అని ఏలూరుకు మెసేజ్ పెట్టాను. ఒక పక్క 41, 42 అంటున్న అంకె, ఇంకో పక్క పెరుగుతున్న సెకన్లు. గాలి దిక్కు మారి పడమర నుంచి కొడుతోంది. నా చేతులు వణుకుతున్నాయి. చలికో భయానికో తెలియలేదు. చివరికి ఆ వరస పోయి, కింద నాలుగు వరసలు గబగబా వచ్చి, తెర ఖాళీ అయింది. పవర్ ఆఫ్ అని బీఎంసీ చెప్పింది. డేటా మొత్తం డిస్కు మీదికి చేరింది.

బిగుసుకుపోయిన సర్వర్లు ఇంకో రెండు ఉన్నాయి. వాటి సీరియల్ తెరమీద చలనమే లేదు. వాటిలో ఉన్నది వేరేచోట కూడా ఉందని చూసుకుని, గట్టి ఆజ్ఞతో ఆపేశాం. ఆఖరున స్టోరేజీ. ఒంటిగంట దాటాక అంకె 40కి దిగింది. తర్వాత 38. ఆ పది సర్వర్లు నడుస్తూనే ఉన్నాయి. కాపలా ఆయన మళ్లీ ఫోన్ చేసి, "బాబూ, ఇప్పుడు లోపల కాస్త నిలబడగలుగుతున్నాను" అన్నాడు. రాత్రంతా ఒంటరిగా ఆ మెట్ల మీద కూర్చున్న మనిషి ఆయన. మా కంపెనీని ఆ రాత్రి నిలబెట్టిన వాళ్లలో ఆయన మొదటివాడు.

తెల్లారాక చూస్తే ఊరి చుట్టూ వరి నేలవాలి ఉంది. వెన్ను వేస్తున్న చేలు నీళ్లలో పడుకున్నాయి. మా నష్టం వంటింటి రేకుతో పోయింది. రైతుల నష్టం ముందు అది లెక్కలోది కాదు. నాన్న నిద్రపోయాడు. మధ్యాహ్నానికి విజయవాడలో కరెంటు వచ్చి, మెకానిక్ ఏసీలు బాగుచేశాక, అదే ప్రోగ్రాంతో వెనక నుంచి ముందుకు, స్టోరేజీ మొదలు వెబ్ సర్వర్ల దాకా, ఒక్కో గుంపుగా గూడూరు నుంచే లేపాం. కొన్నిటి పవర్ సప్లైలు, డిస్కులు పోయాయి. ఒక్క రోగి రికార్డు కూడా పోలేదు.

ఆ రాత్రి తర్వాత కొన్నాళ్లు ఫోను మోగితే గుండె దడదడలాడేది. ఇప్పుడు తగ్గింది. దాంతో పాటు కొన్ని సంగతులు గట్టిగా మనసులో నిలిచాయి.

మొదటిది, ఈ బీఎంసీ ఎంత ఆదుకుంటుందో అంత ముప్పు కూడా. దాన్ని చేజిక్కించుకున్నవాడు సర్వరును మొత్తం చేజిక్కించుకున్నట్టే. 2017లో ఐలో 4లో బయటపడిన లోపం ఎంత ఘోరమంటే, ఏ అనే ఇంగ్లిషు అక్షరం 29 సార్లు పంపితే పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్లిపోవచ్చు. ఎన్నో బ్రాండ్ల సర్వర్లలో ఉండే ఏఎంఐ మెగారాక్ బీఎంసీలో బయటపడిన ఇంకో లోపాన్ని దుండగులు నిజంగానే వాడుతున్నారని 2025 జూన్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా ప్రకటించింది. కాబట్టి బీఎంసీల నెట్‌వర్క్ ఎప్పుడూ విడిగా ఉండాలి, ఇంటర్నెట్‌కు నేరుగా కనిపించకూడదు, యంత్రంతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి, ఫర్మ్‌వేర్ ఎప్పటికప్పుడు వేసుకోవాలి. మేం ఆ గోడ ముందే కట్టుకున్నాం కనుకనే దూరం నుంచి పనిచేసే ధైర్యం మిగిలింది.

రెండోది, ఆపే వరస ముందే రాసి ఉండాలి. ఏది మొదట, ఏది ఆఖరు, ఏది బతకాలి అన్నది గాలి హోరులో ఆలోచించే విషయం కాదు. ఏటా అక్టోబరు రాకముందే ఒకసారి నిజంగా ఆపి, లేపి చూసుకోవాలి. మచిలీపట్నం తీరాన ఉన్నవాళ్లకు తుఫాను కొత్త చుట్టం కాదు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆ రాత్రి నా చేతిలో పనిచేసిన కోడులో ఎక్కువ భాగం నేను రాసింది కాదు, మా కంపెనీ కొన్నదీ కాదు. ఎక్కడో ఆమ్‌స్టర్‌డాంలోనో ఇంకెక్కడో కూర్చున్నవాళ్లు, ఏ యంత్రం ఏ జవాబు ఎలా తిప్పి ఇస్తుందో ఓపిగ్గా పట్టుకుని, దానికి విరుగుడు రాసి, అందరికీ ఇచ్చేశారు. గూడూరు అనే ఊరు ఉందని కూడా వాళ్లకు తెలియదు. ఈ లైబ్రరీయే కాదు, దీని కింద రెడ్‌ఫిష్ మాట్లాడే గోఫిష్ కూడా అలా వచ్చిందే. బీఎంసీ లోపలి సాఫ్ట్‌వేర్‌నే తెరిచిపెట్టిన ఓపెన్‌బీఎంసీ 2018 నుంచి లినక్స్ ఫౌండేషన్ నీడలో నడుస్తోంది. ఇలాంటివాటిలో చాలా భాగం కొద్దిమంది తీరిక మీద నడుస్తాయి. వాళ్లు అలిసిపోతే కోడు పాతబడుతుంది. పాతబడిన కోడు మనం నమ్ముకున్న రాత్రే మోసం చేస్తుంది.

హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల్లో పెద్ద పెద్ద సర్వర్ల గదులు నడుపుతున్న మన డెల్టా పిల్లలకు నాదొక విన్నపం. మీ కంపెనీ ఇలాంటి లైబ్రరీ వాడుతుంటే, మీ దగ్గరున్న యంత్రం ఎక్కడ తేడాగా ప్రవర్తించిందో రాసి పంపండి. చేతనైతే దిద్దుబాటు కూడా రాసి పంపండి. వారంలో కొన్ని గంటలు దీనికివ్వమని మీ పై అధికారిని అడగండి, డబ్బు సాయం చేసే వీలుంటే చేయించండి. మా కంపెనీలో ఇప్పుడు నెలకొక రోజు ఈ పనికే పక్కన పెట్టాం. ఆ రాత్రి మాకు ఎదురైన తేడాలన్నీ రాస్తున్నాం. మీరూ మొదలుపెట్టండి.